పసుపు, మిరియాలు, నాలుగు అడుగులు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట బెంచీల దగ్గరికి వెళ్తే తెలుగు బాగా వినిపిస్తుంది. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో కర్నూలు నుంచీ నెల్లూరు నుంచీ వచ్చిన పెద్దవాళ్లు. మనవళ్ల చదువులు, మోకాళ్ల నొప్పులు అయ్యాక మాట మతిమరుపు మీదికి మళ్లుతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చింది చదివి వినిపిస్తారు. పసుపులో మిరియాల పొడి కలిపి తాగితే దాని శక్తి ఇరవై రెట్లు పెరుగుతుందట, మెదడుకు అంతకు మించిన మందు లేదట.

ఆ ఇరవై రెట్ల లెక్కను ఎవరూ గాల్లోంచి తీయలేదు. అది పుట్టింది ఈ ఊళ్లోనే, కోరమంగళ దగ్గరున్న సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో. అక్కడి ఫార్మకాలజీ విభాగం వాళ్లు 1998లో ఒక ప్రయోగం ప్రచురించారు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్‌ను 2 గ్రాములు మనుషులకు విడిగా ఇచ్చి రక్తం పరీక్షిస్తే అది ఉందో లేదో తెలియనంత తక్కువగా కనిపించింది. దానికి 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియాల ఘాటుకు మూలమైన పదార్థం, జోడిస్తే రక్తానికి అందే కర్కుమిన్ 2000 శాతం పెరిగింది. ప్రపంచమంతా అమ్ముడయ్యే పసుపు మాత్రల సీసాల మీద ‘మిరియాల సారంతో’ అని కనిపించడానికి పెద్ద కారణం ఈ ప్రయోగమే.

ఇందులో తప్పేమీ లేదు. ఫార్వర్డ్ చేసేవాళ్లు వదిలేసిన సంగతులే చాలా ఉన్నాయి. మొదటిది, ఉందో లేదో తెలియనిదాన్ని ఇరవై రెట్లు చేసినా వచ్చేది కొంచెమే. రెండోది, వాళ్లు కొలిచింది రక్తంలో. మెదడులోకి ఎంత చేరిందో చూడలేదు, జ్ఞాపకశక్తిని పరీక్షించలేదు, అది ఆ ప్రయోగం ఉద్దేశమే కాదు. పైగా ఆ పెరుగుదల మందు మింగిన మొదటి గంటలో కనిపించింది. మూడోది మన వంటింటి లెక్క. పసుపు పొడిలో కర్కుమిన్ బరువులో సుమారు 3 శాతం ఉంటుంది. ఆ లెక్కన 2 గ్రాముల కర్కుమిన్ కావాలంటే 65 గ్రాములకు పైగా పసుపు, అంటే టీస్పూన్లతో ఇరవై దాటుతుంది. ఇంటిల్లిపాదికీ వండే పప్పులో మనం వేసేది అర స్పూను. తమాషా ఏమిటంటే మిరియాల వైపు లెక్క మాత్రం సరిపోతుంది. 20 మిల్లీగ్రాముల పైపెరిన్‌కు ఏడెనిమిది గింజలు చాలు, అది ఘాటుగా కాచిన ఒక గిన్నె మిరియాల చారు పాటి.

అసలు కర్కుమిన్ ఎందుకు నిలవదు? అది నీళ్లలో కరగదు. పేగులో సగం దారిలోనే విడిపోవడం మొదలుపెడుతుంది. కష్టపడి పేగు గోడ దాటినది పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థాన్ని తగిలిస్తుంది. అలా తగిలించినది నీళ్లలో కరుగుతుంది కాబట్టి పిత్తంలోనో మూత్రంలోనో బయటికి పోతుంది. తెలియని రసాయనం ఏది వచ్చినా కాలేయం చేసే పని ఇదే, మంచిదా చెడ్డదా అని అడగదు. ఇంత దాటినా మెదడు గుమ్మంలో ఇంకో అడ్డు ఉంది. మెదడు రక్తనాళాల గోడ కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషిలా, లోపలివాళ్లు ఒప్పుకున్న పేర్లనే అవి దాటనిస్తాయి.

పైపెరిన్ చేసేదల్లా కాలేయం, పేగుల పనిని కాసేపు మందగింపజేయడం. అంటే అది పసుపునే కాదు, మిగతా మందులనూ ఒంట్లో ఎక్కువసేపు నిలుపుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ రక్తంలో పెరగడం మనుషుల మీదే చూశారు. రోజూ నాలుగైదు మాత్రలు వేసుకునే పెద్దాయనకు ఇది చిన్న విషయం కాదు. 2019లో ఇటలీలో పసుపు మాత్రలు వాడినవాళ్లకు కాలేయం వాచిన కేసులు వరసగా బయటపడ్డాయి. అమెరికాలోనూ అలాంటివి నమోదయ్యాయి, కొన్నింటిలో మిరియాల సారం కలిసి ఉంది. చారుతో వచ్చే ఇబ్బంది కాదిది, సీసాలో గాఢంగా నింపినప్పుడు వచ్చేది.

పసుపు కీర్తికి ఇంకో మూలం హర్యానాలోని బల్లభ్‌గఢ్. 1990లలో అక్కడి పల్లెల్లో వృద్ధులను పరీక్షించి, అమెరికాలోని పెన్సిల్వేనియాతో పోల్చితే మతిమరుపుతో మొదలై ముదిరే మెదడు జబ్బు అల్జీమర్స్ చాలా తక్కువగా కనిపించింది. కూరల్లో పసుపు వల్లే అన్నారు చాలామంది. అదే జట్టు జన్యువులు కూడా చూసింది. అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ-4 అనే జన్యువు రకం బల్లభ్‌గఢ్‌లో తక్కువ. ఈ సంగతి ఫార్వర్డుల్లో ఉండదు. నేరుగా కర్కుమిన్‌తో చేసిన పరీక్షలు రెండు చెప్పుకోదగ్గవి. 2012లో అల్జీమర్స్ వచ్చిన 36 మందికి ఇచ్చి చూస్తే లాభం కనిపించలేదు. 2018లో జబ్బు లేని 40 మందికి బాగా ఒంటబట్టేలా తయారుచేసిన రకాన్ని ఏడాదిన్నర ఇస్తే జ్ఞాపకశక్తి కాస్త మెరుగైంది. నలభై మంది ఒక అపార్ట్‌మెంట్ బ్లాకు పాటి కూడా కాదు, దాన్ని పట్టుకుని సీసాలు కొనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ కాలేయం దగ్గరికే మళ్లీ వద్దాం. బయటి నుంచి వచ్చిన కర్కుమిన్‌ను తోసేసే ఈ అవయవం, మనం నడిచినప్పుడు మెదడుకు పనికొచ్చేదాన్ని తానే తయారుచేస్తుంది. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు చక్రం మీద పరుగెత్తిన ఎలుకల రక్తం నుంచి ప్లాస్మా తీసి, కదలకుండా ఉన్న ముసలి ఎలుకలకు ఎక్కించారు. పరుగెత్తనివాటికీ జ్ఞాపకశక్తి మెరుగైంది. ఆ ప్లాస్మాలో ఏముందని వెతికితే జీపీఎల్‌డీ-1 అనే కాలేయపు ఎంజైమ్ దొరికింది. చిత్రం, అది మెదడులోకి దాదాపుగా వెళ్లనే వెళ్లదు, పని బయటి నుంచే. అంతకు నాలుగేళ్ల ముందు, పరుగెత్తే ఎలుకల కండరాల నుంచి కథెప్సిన్-బి అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుందని ఇంకో జట్టు చూపింది. కండరం బరువులెత్తే యంత్రమే అనుకున్నాం చాలాకాలం. అదొక గ్రంథిలా కూడా పనిచేస్తుంది.

కాలేయం, కండరాల నుంచి ఈ కబురు అందాక మెదడులో పెరిగేవాటిలో ముఖ్యమైనది బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్. 1982లో పంది మెదడు నుంచి దీన్ని మొదట వేరుచేశారు. నాడీకణాలు బతకడానికీ కొత్త అతుకులు వేసుకోవడానికీ ఇది కావాలి. 1995లో ఎలుకలను చక్రం మీద పరుగెత్తనిచ్చి చూస్తే, చేతులూ కాళ్లూ కదిలించే భాగంలో పెరుగుతుందనుకున్నది కాస్తా హిప్పోకాంపస్‌లో పెరిగింది. మెదడులో చెవుల మట్టంలో లోతుగా, సముద్రగుర్రం ఆకారంలో ఉండే ఈ భాగమే కొత్త జ్ఞాపకాలకు తొలి మజిలీ. అల్జీమర్స్ మొదట దెబ్బతీసే చోట్లలో ఇదీ ఒకటి. 1999లో కాలిఫోర్నియాలోని సాక్ సంస్థలో, పరుగెత్తిన ఎలుకల హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు ఎక్కువగా పుట్టడం చూశారు. పెద్దయ్యాక మనుషుల్లోనూ అలా పుడతాయా అన్నది 2018లో రెండు జట్లు ఎదురెదురు ఫలితాలతో కొట్లాడుకున్న విషయం, ఇంకా తెగలేదు.

మనుషుల మీద బాగా పేరొచ్చిన ప్రయోగం 2011 నాటిది. వ్యాయామం అలవాటు లేని 120 మంది పెద్దవాళ్లలో సగం మంది వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు నడిచారు. మిగతా సగం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేశారు. ఏడాది తర్వాత నడిచినవాళ్ల హిప్పోకాంపస్ 2 శాతం పెరిగింది, రెండో జట్టుది 1.4 శాతం తగ్గింది. దీన్ని ఉటంకించేవాళ్లు ఇక్కడితో ఆగుతారు. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం రెండు జట్లూ మెరుగుపడ్డాయి, మధ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2022లో 585 మందితో చేసిన ఇంకా పెద్ద ప్రయోగంలోనూ వ్యాయామం వల్ల జ్ఞాపకశక్తి పెరిగినట్లు తేలలేదు. కాబట్టి నడిస్తే తాళంచెవులు ఎక్కడ పెట్టామో గుర్తొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

అయినా నడక వైపే నేను మొగ్గుతాను. కారణం రక్తనాళాలు. ఒంటి బరువులో 2 శాతం ఉన్న మెదడు, ఒళ్లు వాడే శక్తిలో ఐదో వంతు తీసుకుంటుంది. దాన్ని మోసుకెళ్లే సన్నని నాళాలను బీపీ, షుగరు ఏళ్ల తరబడి పాడుచేస్తాయి. నడక ఆ రెంటినీ తగ్గిస్తుంది. బీపీ పై అంకెను 120 లోపు ఉంచుకున్నవాళ్లలో, 140 లోపు ఉంచుకున్నవాళ్లతో పోల్చితే, డిమెన్షియాకు (రోజువారీ పనులు చేసుకోలేనంతగా మతి తగ్గడానికి) ముందు వచ్చే తేలికపాటి మతి తగ్గుదల 19 శాతం తక్కువని 2019లో అమెరికాలో తేలింది. ఏ మూలిక మాత్రకూ ఇలాంటి అంకె లేదు. ఫిన్లాండ్‌లో 1260 మందితో రెండేళ్లు చేసిన ప్రయోగంలో, తిండి, వ్యాయామం, మెదడుకు మేత, బీపీ-షుగరు మీద నిఘా అన్నీ కలిపి నడిపితే మార్కులు 25 శాతం ఎక్కువ మెరుగయ్యాయి. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేం. ఒక్క తిండినే మార్చి 604 మందిని మూడేళ్లు చూసిన ప్రయోగంలో మాత్రం, మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా రాలేదు. బెంగళూరులో నడవడం ఎక్కడన్నదే తలనొప్పి. ఫుట్‌పాత్ ఉన్నచోట స్కూటర్లు ఎక్కుతాయి. రింగ్‌రోడ్డు పొగ పీల్చుకుంటూ నడవడం కంటే అపార్ట్‌మెంట్ లోపల చుట్లు కొట్టడం మేలు. వాయు కాలుష్యం కూడా డిమెన్షియా కారణాల జాబితాలో ఉంది.

తిండిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది కలపాల్సింది కాదు, కొరవడింది. బీ-12 విటమిన్‌ను బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేస్తాయి. కూరగాయల్లో ఉండదు, మాంసం, చేపలు, గుడ్లలో ఉంటుంది, పాలు పెరుగుల్లో కొంచెం. నాడుల పైపొరకు ఇది కావాలి. తక్కువైతే పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలు, చిరాకు, మతిమరుపు. ఇంట్లో వాళ్లు ‘వయసైపోయింది కదా’ అనుకుంటారు. శాకాహారుల్లో ఈ లోటు ఎక్కువ. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాస్ అని ఏళ్లకేళ్లు మింగే మాత్రలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఆ మూడూ ఒక్క మనిషిలోనే కలిసే ఇళ్లు మన పక్కనే ఎన్నో. రక్త పరీక్షతో తెలిసిపోతుంది. త్వరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో చాలావరకు వెనక్కి మళ్లుతుంది, ఆలస్యమైతే కొంత నష్టం మిగిలిపోతుంది. పసుపు పాలు తాగుతూ ఈ పరీక్ష వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతమని 2023లో వచ్చిన అంచనా. దాదాపు 88 లక్షల మంది. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ, చదువుకోనివాళ్లలో ఎక్కువ. పసుపు తినేవాళ్లూ, రోజంతా ఒళ్లు వంచేవాళ్లూ వాళ్లే కదా, మరి ఎందుకిలా? ఇలాంటివి తేల్చడానికే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో పనిచేస్తోంది. మామిడి తోటల ఊళ్లు, ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ. 45 దాటిన పదివేల మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి వాళ్ల రక్తం, జన్యువులు, బీపీ, జ్ఞాపకశక్తి చూస్తూ పోవడం దాని లక్ష్యం. నలభై ఏళ్లు తోటలో తవ్వినదీ, అపార్ట్‌మెంట్ చుట్టూ నడిచినదీ మెదడు ఒకేలా లెక్కవేస్తుందా అన్నది అమెరికా వృద్ధుల మీద చేసిన ప్రయోగాలు చెప్పలేవు. శ్రీనివాసపురం చెప్పగలదు.