తిరుమల నీళ్లు: అయిదు డ్యాములున్నా ఏడాది గడవదెందుకు?

2024 ఆగస్టులో తితిదే ఒక ప్రకటన చేసింది. కొండమీద నీళ్లు ఇంకో 120–130 రోజులకే సరిపోతాయి, పొదుపుగా వాడాలని దాని సారాంశం. అప్పుడు అయిదు జలాశయాల్లో కలిపి ఉన్నది 5,800 లక్షల గ్యాలన్లు. రోజు వాడకం 43 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు రెండు కోట్ల లీటర్లు. భాగిస్తే 134 రోజులు. కానీ ఆ 43 లక్షల్లో కొండమీది డ్యాములు ఇచ్చేది 18 లక్షలే. మిగతా 25 లక్షలు కింద చంద్రగిరి వైపున్న కల్యాణి డ్యాం నుంచి పైకెక్కుతాయి. 18తో భాగిస్తే అవే నీళ్లు 322 రోజులు వస్తాయి. 120–130 రోజులన్నది కల్యాణి కూడా ఎండిపోతే ఎలాగన్న భయంతో వేసిన లెక్క అనుకోవాలి. ఆ భయం ఉత్తదేం కాదు.

శేషాచలం పైభాగమంతా గట్టి క్వార్ట్‌జైట్ రాయి, దాని కింద గ్రానైటు. రాయిలోకి నీరు ఇంకదు, పగుళ్ల వెంట దిగి పక్కన ఎక్కడో తీర్థమై బయటికొస్తుంది. వాన పడ్డ కొన్ని గంటల్లోనే వాగులు ఉరుకుతాయి, వాన తగ్గాక అంతే తొందరగా సన్నబడతాయి. బోర్లను నమ్ముకోలేం. కాబట్టి వచ్చిన నీటిని వచ్చినప్పుడే పట్టుకోవాలి.

పుష్కరిణి, ఆకాశగంగ, పాపవినాశనం వంటి తీర్థాలు పూర్వపు యాత్రికులకు చాలేవి. ఘాట్ రోడ్డు పడి బస్సులెక్కడం మొదలయ్యాక అవి చాలలేదు. 1960ల్లో గోగర్భం డ్యాం కట్టారు. ఆ తర్వాత ఆకాశగంగ, పాపవినాశనం, మరీ ఆలస్యంగా కుమారధార–పసుపుధార జంట వచ్చాయి. నీటిమట్టాల పట్టికలో గోగర్భం పూర్తిమట్టం ఇప్పటికీ అడుగుల్లోనే (2,894) ఉంటుంది, తక్కినవన్నీ మీటర్లలో. ఏది పాతదో అక్కడే తెలిసిపోతుంది.

సామర్థ్యాలు లక్షల గ్యాలన్లలో: పాపవినాశనం 5,240, కుమారధార 4,259, గోగర్భం 2,833, పసుపుధార 1,287, ఆకాశగంగ 685. మొత్తం 14,304, అంటే 0.23 టీఎంసీ. అన్నీ అంచుదాకా నిండినా 43 లక్షల చొప్పున 332 రోజులే. ఏడాదికి నెల తక్కువ! అదీ ఆవిరిని, పూడికను, తూము కంటే కింద ఉండి తోడుకోలేని నీటిని లెక్కలోకి తీసుకోకుండా. మట్టం అడుగంటేకొద్దీ బురద, కుళ్లిన ఆకు కూడా వస్తాయి, ఫిల్టర్లను మాటిమాటికీ కడగాలి, దానికీ నీళ్లే కావాలి.

ఇంకో చిక్కు ఎత్తుది. అన్నిటికంటే పెద్దదైన పాపవినాశనం పూర్తిమట్టం 697 మీటర్లు, ఆలయం ఉన్నది 850 మీటర్ల దరిదాపుల్లో. కొండమీదే ఉన్నా ఆ డ్యాం నీటిని 150 మీటర్లు పైకి తోడాల్సిందే.

1977లో పూర్తయిన కల్యాణి కొండమీది అయిదింటినీ కలిపినా దాదాపు నాలుగింతలు, సుమారు 0.9 టీఎంసీ. స్వర్ణముఖికి చేరే కల్యాణి నది మీద కట్టారు. అయితే ఆ నీటిని తిరుపతి పట్టణమూ పంచుకుంటుంది. తెలుగుగంగ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చాక పట్టణానికి కొంత వెసులుబాటు కలిగింది గానీ కొండకి కల్యాణి మీద ఆధారం తగ్గలేదు. 25 లక్షల గ్యాలన్లను 600 మీటర్లు ఎత్తుతారనుకుంటే, పంపుల సామర్థ్యం 70 శాతం చొప్పున రోజుకి 26 వేల యూనిట్లకు పైగా కరెంటు. పైగా కల్యాణి పరీవాహకం కూడా ఇవే కొండలు. ఇక్కడ వాన తప్పితే అక్కడా తప్పుతుంది.

పెద్ద వాన అక్టోబరు–డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. బ్రహ్మోత్సవాలేమో చాలాసార్లు దానికి ముందే వచ్చిపడతాయి. జనం ఎక్కువ, నీళ్లు తక్కువ. 2024 ఆగస్టు ప్రకటన వెనక ఉన్న అసలు కంగారు ఇదే.

ఆ డిసెంబరు వానలకు డ్యాములు నిండాయి. 2021 నవంబరులోనైతే పొంగి పొర్లాయి, శ్రీవారిమెట్టు దారి కొట్టుకుపోయింది, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. అప్పుడు గేట్లెత్తి వదిలిన నీటిని నిలుపుకొనే చోటు కొండమీద లేదు.