హోమ్‌ఓనర్స్ అసోసియేషన్ పాలనలో ఓనర్ల పాత్ర: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హోమ్‌ఓనర్స్ అసోసియేషన్ (కాలనీ ఉమ్మడి ఆస్తులనూ నియమాలనూ చూసుకునే ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీలో ఇల్లు కొన్నవారు, సాధారణంగా రిజిస్ట్రేషన్ పూర్తయిన రోజునే ఆ అసోసియేషన్‌లో సభ్యులవుతారు. చేరాలా వద్దా అనే ప్రశ్న చాలాచోట్ల వారికి ఉండదు. ఇలాంటి అసోసియేషన్లకు మేనేజ్‌మెంట్ కంపెనీ తరఫున కమ్యూనిటీ మేనేజరుగా పనిచేస్తున్న నాకు, బోర్డు సభ్యుల దగ్గరా, ఓనర్ల దగ్గరా మళ్ళీ మళ్ళీ వినపడే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. ఓనర్లను తమ సొంత వ్యవహారాలకే దూరం చేస్తున్న ఆ నమ్మకాల గురించి రాయడం అవసరమనిపించింది.

అపోహ: ఓనర్లకు ఆసక్తి లేదు, ఎంత పిలిచినా రారు.

వాస్తవం: ఈ మాట అనే బోర్డులను నేను ముందుగా అడిగేది ఒక్కటే: గత ఏడాదిలో మీరు ఒక్కో ఇంటికి ఏయే ఉత్తరాలు పంపారు? ఫైలు తీసి చూస్తే సాధారణంగా కనిపించేవి డ్యూస్ (ఓనర్లు అసోసియేషన్‌కు కట్టే రుసుము) గడువు గుర్తుచేసే నోటీసు, చెత్త డబ్బా వీధిలోంచి కనపడుతోందనే హెచ్చరిక, గడ్డి పెరిగిందనే మరో హెచ్చరిక, చివరగా వార్షిక సమావేశానికి ఆహ్వానం. ఏడాది పొడవునా తప్పులు ఎత్తిచూపిన చిరునామా నుంచే ఆహ్వానం కూడా వస్తే, దాన్ని తెరవకుండా పక్కన పెట్టిన మనిషిని తప్పుపట్టలేం.

ఒక అసోసియేషన్‌లో స్విమ్మింగ్ పూల్ అడుగుభాగాన్ని తిరిగి పూయించాల్సి వచ్చినప్పుడు, కాంట్రాక్టు కుదిరాక సమాచారం పంపడం కాకుండా, మూడు బిడ్లు చేతికందిన వెంటనే వాటిని ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, పని ఎన్ని వారాలు సాగుతుంది, వారంటీ ఎన్నేళ్లు, రిజర్వ్ ఫండ్‌లో (పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధిలో) ఆ తర్వాత ఎంత మిగులుతుంది అనే వివరాలతో ఇంటింటికీ పంపాం. అంతకుముందు బోర్డు సమావేశాలకు ఒకరిద్దరు మించి రాని ఆ కాలనీలో, ఆ నెల క్లబ్‌హౌస్‌లో కుర్చీలు చాలక లోపలినుంచి మడత కుర్చీలు తెచ్చి వేయవలసి వచ్చింది. ఆ మనుషులే, ఆ ఇళ్లే; కాకపోతే నిర్ణయం ఇంకా జరగలేదని ఆసారి వారికి తెలుసు.

అపోహ: నేనొక్కడిని రాకపోతే ఆగేదేమీ లేదు.

వాస్తవం: ఆగుతుంది. వార్షిక సమావేశం చెల్లాలంటే కోరం, అంటే కనీస సంఖ్యలో ఓట్ల హాజరు, ఉండాలి. ఫ్లోరిడా చట్టం ప్రకారం, బైలాస్‌లో (అసోసియేషన్ నియమావళిలో) అంతకన్నా తక్కువ రాసుకుని ఉంటే తప్ప, మొత్తం ఓట్లలో 30 శాతం ఉంటేనే సభ్యుల సమావేశానికి కోరం. అంటే 200 ఇళ్ల కాలనీలో, స్వయంగా వచ్చినవారూ ప్రాక్సీ (తమ బదులు ఓటు వేసే అధికారం) ఇచ్చినవారూ కలిపి 60 ఓట్లు కావాలి. కోరం లేని ఎన్నిక జరగదు, కొత్తవారు ఎన్నికయ్యేదాకా సాధారణంగా పాత బోర్డే కొనసాగుతుంది. ఈ ఇబ్బందిని గుర్తించే కాలిఫోర్నియా 2024 జనవరి నుంచి ఒక వెసులుబాటు కల్పించింది: బోర్డు ఎన్నికకు మొదటిసారి కోరం రాకపోతే, కనీసం 20 రోజుల తర్వాత జరిపే సమావేశానికి 20 శాతం చాలు. చట్టం మెట్టు దించింది నిజమే కానీ, ఆ 20 శాతమైనా రావాలి కదా.

అపోహ: అసోసియేషన్‌ను నడిపేది మేనేజ్‌మెంట్ కంపెనీ.

వాస్తవం: కాదు. మేము కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లం. బడ్జెట్‌ను ఆమోదించేది, కాంట్రాక్టులు ఇచ్చేది బోర్డు. ఆ బోర్డును ఎన్నుకునేది ఓనర్లు. బిల్డర్ చేతిలో ఇంకా నియంత్రణ ఉన్న కొత్త కాలనీల సంగతి వేరు.

అపోహ: డ్యూస్ పెంచని బోర్డే మంచి బోర్డు.

వాస్తవం: ఓనర్లు పాలనకు దూరంగా ఉన్నప్పుడు అత్యంత నష్టం చేసే నమ్మకం నా దృష్టిలో ఇదే. విడి ఇళ్ల కాలనీ కాక అపార్ట్‌మెంట్ భవనమే అయినా, సర్ఫ్‌సైడ్ గురించి ఇక్కడ చెప్పక తప్పదు. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ 2021 జూన్ 24న కూలి 98 మంది చనిపోయారు. ఆ భవనం కాంక్రీటు దెబ్బతిన్నదని ఇంజనీరు నివేదిక ఇచ్చింది 2018లో. మరమ్మతుల కోసం 1.5 కోట్ల డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్‌ను (ఓనర్ల నుంచి డ్యూస్‌కు అదనంగా వసూలు చేసే మొత్తాన్ని) అక్కడి అసోసియేషన్ ఆమోదించింది 2021లో. భవనం ఎందుకు కూలిందనేది ఇంజనీర్లు తేల్చవలసిన విషయం. నేను చూపదలచుకున్నది ఆ రెండింటి మధ్య గడిచిన కాలాన్ని మాత్రమే. రోడ్డు, పైకప్పు, ప్రహరీ ఏదైనా సరే, పాడవడం మన ఓటు కోసం ఆగదు. అందుకే రిజర్వ్ స్టడీని (ఉమ్మడి ఆస్తుల ఆయుష్షు, మరమ్మతు ఖర్చుల అంచనా నివేదికను) బోర్డు ఫైల్లో దాచకుండా, ఏ వస్తువుకు ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలింది, దానికి ఇప్పటికి ఎంత జమయింది అనే రెండు వరుసల పట్టికగా ఓనర్ల ముందు పెట్టాలి. ఆ పట్టిక చూసిన ఓనర్లు పెంపును వ్యతిరేకించినా, ఏ పనిని వాయిదా వేయాలో చెప్పి మరీ వ్యతిరేకిస్తారు, ఆ చర్చ బోర్డుకు పనికొస్తుంది.

అపోహ: వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటున్నాం, అదే భాగస్వామ్యం.

వాస్తవం: గ్రూపులో వంద సందేశాలు వచ్చినా మినిట్స్‌లో (సమావేశపు అధికారిక నమోదులో) ఒక్క వాక్యం చేరదు. కాలిఫోర్నియాలో అయితే, అత్యవసర సందర్భాల్లో తప్ప, బోర్డు సమావేశం పెట్టకుండా ఈమెయిల్స్ మీద నిర్ణయాలు తీసుకోవడానికే వీలులేదు. అక్కడ సాధారణ బోర్డు సమావేశానికి కనీసం 4 రోజుల ముందు ఎజెండాతో నోటీసు ఇవ్వాలి, హాజరైన సభ్యులకు మాట్లాడే అవకాశమూ ఇవ్వాలి. గ్రూపులో రాసిన ఫిర్యాదునే రెండు నిమిషాల్లో చదివేలా తగ్గించుకుని బోర్డు సమావేశంలో చెప్పండి.

అపోహ: బోర్డుకు లాయర్లు, అకౌంటెంట్లు కావాలి; మామూలు ఓనర్లు వస్తే గొడవలే.

వాస్తవం: లెక్కలకూ చట్టానికీ నిపుణులను డబ్బిచ్చి పెట్టుకోవచ్చు. కాలనీని రోజూ చూసే కళ్లను పెట్టుకోలేం. పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయని వరసగా మూడు సమావేశాలకు వచ్చి గట్టిగా మాట్లాడిన ఒక ఓనరును బోర్డు గొడవమనిషిగా లెక్కవేసింది. ఆయన ఫోనులో మాత్రం ప్రతి వానకూ తేదీతో సహా ఫొటోలు ఉన్నాయి, కాలువ వాలు ఎక్కడ తిరగబడిందో వాటిలో స్పష్టంగా కనపడుతోంది. బోర్డులోకి రమ్మంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. మూడు నెలల గడువుతో, రెండే సమావేశాలతో, కాలువ పని ఒక్కటే చూసే కమిటీలో ఉంటారా అని అడిగితే, ఎప్పుడు మొదలుపెడదామని తిరిగి అడిగారు. కాంట్రాక్టరు కొలతలకు వచ్చిన రోజు మాకంటే ముందే అక్కడికి చేరి, నీళ్లు నిలిచే చోట చిన్న జెండాలు పాతి ఉంచారు.