ఆక్రమణలో ఉన్న నగరం: ఆట రాసేవాళ్ల అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో టేబుల్‌టాప్ ఆటలు, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని కథని కలిసి నడిపే ఆటలు, నడిపిస్తుంటాను. కొత్తగా గేమ్ మాస్టర్ (కథని నడిపించేవాడు) అయినవాళ్లు చాలామంది శత్రువు చేతిలో చిక్కిన నగరం మీద ఫాంటసీ కథ రాస్తామంటారు. తప్పకుండా రాయాలి. మన నేల చరిత్ర తెలిసినవాళ్ల కంటే ఎవరు బాగా రాయగలరు? కాకపోతే కొన్ని భ్రమలు ముందే వదిలించుకోవాలి.

అపోహ: అడుగడుగునా సైనికులుండాలి.

ఊరి జనం ముందు పరాయి సేన చాలాసార్లు పిడికెడే. రోజువారీ పని నడిపేది దుబాసీ (మాటలు తర్జుమా చేసేవాడు), కరణం, సుంకం వసూలు చేసేవాడు, దండోరా వేసేవాడు. అందరూ ఊరివాళ్లే. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు రెండో విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ప్రాణం విడిచారు. తర్వాత కంపెనీ ఆ జమీందారీని ఆయన కొడుక్కే తిరిగిచ్చి పేష్కష్ (కప్పం) కట్టించుకుంది. కోటలో అదే వంశం, సొమ్ము వెళ్లే దారి వేరు. మీ కథలోనూ రాజకుటుంబాన్ని మేడలోనే ఉంచండి. వాళ్లు బందీలా, భాగస్వాములా అని ఆటగాళ్లే తేల్చుకోవాలి. "ఏటి మాస్టారూ, వీధిలో ఒక్క సిపాయీ లేడేటి?" అని ఎవరైనా అడిగారంటే నగరం సరిగ్గా కుదిరినట్టే.

అపోహ: ఊళ్లో ఉండేది రెండే పక్షాలు, వీరులూ ద్రోహులూ.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలినప్పుడు ఆయన పక్కనున్నది బొబ్బిలితో పాత పగ ఉన్న విజయనగరం రాజు, మొదటి విజయరామరాజు. ఇక్కడివాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే శత్రువు రాకముందు ఎవరికి ఎవరితో పగ ఉందో ప్రతి వర్గానికీ ఒక్క వాక్యం రాసుకోండి. సేనకి పిండి ఆడించే మిల్లు యజమాని ఆ డబ్బుతోనే తన వీధికి గంజి పోస్తుండవచ్చు. మిల్లు తగలబెడితే ఆ వీధి పస్తుంటుంది. ఆ సంగతి ఆటగాళ్లకి నిప్పు పెట్టకముందే తెలియాలి, లేకపోతే అది వాళ్ల నిర్ణయం అనిపించుకోదు.

అపోహ: మంత్రాలుంటే ఆక్రమణ నాలుగు రోజులు కూడా నిలవదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. మంత్రాలు శత్రువుకీ ఉంటాయి. అతను ముందుగా చేజిక్కించుకునేది అగ్నిగోళాన్ని కాదు, గాయం మాన్పే విద్యని. వైద్యం చేసేవాళ్లకి అనుమతి పత్రం, గాయంతో వచ్చిన ప్రతివాడి పేరూ పుస్తకంలోకి. అబద్ధం పసిగట్టే మంత్రముంటే తిరుగుబాటుదారులెవరికీ ఇద్దరి పేర్ల కంటే ఎక్కువ తెలియకూడదు. చచ్చినవాళ్ల చేత మాట్లాడించే మంత్రముంటే శవం కూడా సాక్షే. అలాంటప్పుడు చనిపోయిన స్నేహితుణ్ణి తెల్లారేలోగా ఏరు దాటించి దహనం చేయడం ఒక్కటే పూర్తి సెషన్‌కి (ఒక విడత ఆటకి) సరిపోతుంది. ఒక్క కత్తీ దూయకుండానే బల్ల చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

అపోహ: గవర్నర్‌ని చంపితే కథ ముగుస్తుంది.

బొబ్బిలి తర్వాత కొద్ది రోజులకే విజయరామరాజు తన గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయారు. గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్లని వదిలి ఇంగ్లీషువాళ్లని పిలిచారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడిపోయింది. ఒక్క చావుతో ఏలేవాడు మారాడు గానీ ఏలుబడి పోలేదు. కాబట్టి ఆ కుర్చీలో తర్వాత ఎవరు కూర్చుంటారో, ఎవర్ని పిలుచుకొస్తారో సెషన్‌కి ముందే రాసిపెట్టుకోండి.

శత్రువు ఒత్తిడి ఆటలో తెలియాలంటే అందరికీ కనిపించేలా ఒక కాగితం మీద ఆరు గళ్లు గీసి 'నిఘా' అని రాయండి. ఆటగాళ్లు అల్లరి చేసినప్పుడల్లా ఒక గడి నింపండి. రెండు నిండితే కర్ఫ్యూ గంట ముందే మోగుతుంది, నాలుగైతే బియ్యం కోటా తగ్గుతుంది, ఆరైతే వీధి నుంచి బందీల్ని పట్టుకెళ్తారు. దెబ్బ ఆటగాళ్ల పాత్రల మీద కాకుండా ఇరుగుపొరుగు మీద పడాలి.

అపోహ: ఫాంటసీయే కదా, ఎవరికీ నొప్పి తగలదు.

తగులుతుంది. హింసలు పెట్టడం, ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు వంటివి కథలో ఉండాలా వద్దా అన్నది మొదటి సెషన్‌కి ముందే అందర్నీ అడగండి. బల్ల మధ్యలో ఒక కార్డు పెట్టండి. ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ సన్నివేశం అక్కడితో ఆపేసి ముందుకెళ్లాలి, కారణం అడక్కూడదు.