కరోనా నాటి కేసులు, నిందితుల హక్కులు: అపోహలు – వాస్తవాలు

లాక్‌డౌన్ ఎత్తేసి ఏళ్లు గడిచాయి. అయినా కోర్టు వరండాలో ఈ మాట ఇంకా వినిపిస్తూనే ఉంది: “కరోనాలో సుప్రీంకోర్టు పోలీసులకి టైమ్ పెంచింది కదండీ, చార్జిషీట్ ఎంత లేటైనా అడగడానికి లేదట.” ఎవరు చెప్పారని అడిగితే, “తెలిసినాయన.” ఆ తెలిసినాయన నాకింతవరకూ దొరకలేదు.

టైమ్ పెంచిన మాట నిజమే, 2020 మార్చి 23న. కానీ అది అప్పీళ్లు, దావాలు వేసుకునేవాళ్లు గడువు దాటి నష్టపోకుండా ఇచ్చిన ఉత్తర్వు. మనిషిని రిమాండ్‌లో ఉంచి దర్యాప్తు చేసి చార్జిషీట్ వెయ్యడానికి, నేరం తీవ్రతని బట్టి పోలీసులకుండే 60, 90 రోజుల లెక్కకి దాంతో సంబంధం లేదు. మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్‌లో ఒక జడ్జి మాత్రం సంబంధం ఉందన్నారు. దొంగతనం కేసులో 73 రోజులు లోపలున్న మనిషికి బెయిల్ కొట్టేశారు. అదే హైకోర్టులో ఇంకో జడ్జి అంతకు కొద్దిరోజుల ముందే దానికి సరిగ్గా వ్యతిరేకంగా తీర్పిచ్చి ఉన్నారు! చివరికి 2020 జూన్ 19న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎమర్జెన్సీ పెట్టినా ఆర్టికల్ 21ని, అంటే మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ రాజ్యాంగమిచ్చిన రక్షణని, పక్కన పెట్టే వీల్లేదు, లాక్‌డౌన్ ఎమర్జెన్సీ కూడా కాదు, గడువు దాటితే డిఫాల్ట్ బెయిల్ (చార్జిషీట్ టైముకి పడకపోతే హక్కుగా వచ్చే బెయిల్) ఇవ్వాల్సిందే అంది.

అయితే ఈ పుకారు వల్ల అసలు నష్టం ఇంకోటుంది. టైమ్ పెరిగిందనుకుని జనం పిటిషనే వెయ్యలేదు. డిఫాల్ట్ బెయిల్ దానంతటది రాదు. అడగాలి, అదీ చార్జిషీట్ పడేలోపు అడగాలి. ఉదయం మీ పిటిషన్ పడి, మధ్యాహ్నం వాళ్లు చార్జిషీట్ తెచ్చినా మీ హక్కు ఎక్కడికీ పోదు. ముందు వాళ్లది పడితే మాత్రం పోయినట్టే. ఇక మామూలు బెయిలే దిక్కు.

2020 వేసవిలో ఒకావిడ ఫోన్ చేసింది. కొడుకు సబ్‌జైల్లో ఉన్నాడు, ములాఖత్‌లు బంద్. “కోర్టులు తెరిచాక చూద్దామంటున్నారు బాబూ, తొందరపడితే జడ్జిగారికి కోపమొస్తుందేమో” అంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. “కోపం రాదమ్మా, రిమాండ్ తేదీ చెప్పు” అన్నాను. గడువు దాటి మూడు రోజులైంది. ఆ సాయంత్రమే మెయిల్లో పిటిషన్ పంపాం. మర్నాడే చార్జిషీట్ వచ్చి పడింది. అయినా కుర్రాడు బయటికొచ్చాడు. అదే కేసులో రెండో ముద్దాయి వాళ్లు మాత్రం కోర్టు తెరిచేదాకా ఆగారు.

రోజులు లెక్కపెట్టేది అరెస్టు నుంచి కాదు, మొదటి రిమాండ్ నుంచి. ఆ రోజూ లెక్కలోకి వస్తుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కమర్షియల్ క్వాంటిటీ (చట్టం పెద్ద మొత్తమని లెక్కేసే) గంజాయి కేసైతే 180 రోజులు, అదీ ఇంకా పొడిగించే వీలుంది. కాబట్టి పక్కింటివాళ్ల కేసు చూసి మీ కేసు లెక్క వేసుకోకండి. ఇప్పుడు ఈ గడువు చెప్పే పాత సీఆర్‌పీసీ సెక్షన్ 167 పోయి, దాని స్థానంలో కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 187 వచ్చినా లెక్క ఇదే.

ఇక మిగతావి. మాస్కుతో సాక్ష్యం చెప్పాడు కాబట్టి ట్రయల్ చెల్లదంటారు. అంత తేలిగ్గా ఏ ట్రయలూ కూలిపోదు. సాక్షి ముద్దాయిని గుర్తుపట్టే ఘట్టంలో ఇద్దరి మాస్కులూ తీయించమని అప్పటికప్పుడే అడగాలి. తీయించారో లేదో డిపోజిషన్‌లోకి, అంటే కోర్టు రాసుకునే సాక్షి వాంగ్మూలంలోకి, ఎక్కించుకోవాలి. అప్పీల్లో గుర్తొస్తే లాభం లేదు. వీడియోలో రిమాండ్ పొడిగించడం కరోనాతో పుట్టిన అక్రమమన్నది ఇంకోటి. అంతకు పదేళ్ల ముందు నుంచే చట్టంలో ఉంది. మొదటిసారి మాత్రం మనిషిని మెజిస్ట్రేటు ఎదుటికి తేవాల్సిందే.

కరోనాలో జైళ్లలో రద్దీ తగ్గించడానికి వేసిన హైపవర్ కమిటీ వదిలేస్తే కేసు పోయినట్టే అనుకున్నవాళ్లూ ఉన్నారు. అది మధ్యంతర బెయిల్, అంతే. 15 రోజుల్లో లొంగిపొమ్మని 2023 మార్చి 24న సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకా బయటే ఉంటే ముందు లొంగిపోండి. లొంగాక రెగ్యులర్ బెయిల్ అడుక్కోవచ్చని ఆ ఉత్తర్వులోనే ఉంది.