సీటీ స్కోర్ 12/25: ఎన్నో రోజు స్కాన్?

2021 ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో ఎవరికైనా కోవిడ్ అని తెలిస్తే చుట్టాలు ఫోన్ చేసి మొదట అడిగిన మాట "స్కోర్ ఎంత?" అని. ఇరవై అయిదుకి ఆరు అంటే హమ్మయ్య అనుకున్నారు, పదహారు అంటే బెడ్ కోసం పరుగెత్తారు. స్కాన్ల జోరు ఎంతదాకా వెళ్లిందంటే, ఆ ఏడాది జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల్లో ఛాతీ హెచ్‌ఆర్‌సీటీకి (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్‌కి) 1,995 రూపాయలకు మించి తీసుకోకూడదని జీవో ఇచ్చింది. అంత డబ్బు పోసి, అంత ఆందోళనతో తెచ్చుకున్న అంకె వెనక లెక్క ఏమిటో మాత్రం చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

వైరల్ న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన మనిషికి ముందు ముందు ఎలా ఉంటుందో ఛాతీ స్కాన్ కొంతవరకు చెప్పగలదు. జ్వరం మొదలైన ఎన్నో రోజున తీశారు, ఆ పూట ఆక్సిజన్ ఎంత ఉంది అన్నవి పక్కన లేకపోతే మాత్రం ఆ అంకె గాలిలో వేలాడుతుంది.

ముందు స్కాన్‌లో కనిపించేది ఏమిటో చూద్దాం. సీటీ యంత్రం శరీరంలోని ప్రతి చిన్న బిందువుకూ ఒక సాంద్రత విలువ కడుతుంది. దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెబుతారు. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. గాలి బాగా ఆడుతున్న ఊపిరితిత్తి మైనస్ 950, మైనస్ 700 మధ్య ఉంటుంది, అందుకే తెర మీద నల్లగా కనిపిస్తుంది. వైరస్ వల్ల గాలి గదుల గోడలు వాచి, లోపల కాస్త ద్రవం చేరితే ఆ చోటు బూడిద తెలుపుకి తిరుగుతుంది. లోపలి రక్తనాళాలు మాత్రం ఆవిరి పట్టిన అద్దం అవతల చెట్టుకొమ్మల్లా ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. రిపోర్టులో 'గ్రౌండ్ గ్లాస్' అని రాసేది దీన్నే. గాలి గదులు పూర్తిగా నిండిపోతే రక్తనాళాలు కూడా ఆ తెలుపులో కలిసిపోతాయి. అది కన్సాలిడేషన్. ఇళ్లలో "నెమ్ము చేరింది" అంటాం చూడండి, తెర మీద దాని రూపం ఇది.

ఇక స్కోరు. ఊపిరితిత్తులకు మొత్తం అయిదు లోబ్‌లు (భాగాలు), కుడివైపు మూడు, ఎడమవైపు రెండు. రేడియాలజిస్టు ఒక్కో లోబ్‌లో ఎంత భాగం దెబ్బతిందో కంటితో అంచనా వేసి మార్కు వేస్తారు. ఏమీ లేకపోతే 0, 5 శాతం లోపు అయితే 1, 5 నుంచి 25 దాకా 2, 50 దాకా 3, 75 దాకా 4, ఆపైన 5. అయిదు లోబ్‌లవీ కలిపితే 25కి స్కోరు. సాధారణంగా 7 వరకు స్వల్పం, 8 నుంచి 17 మధ్యస్థం, 18, ఆపైన తీవ్రం అని రాస్తారు. ఇటలీలో 130 మంది మీద చేసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 18, ఆపైన వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. 18 అన్న గీతకు అంత పేరు రావడానికి అదొక కారణం.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఒక రోగికి అయిదు లోబ్‌లలోనూ చెదురుమదురుగా మచ్చలున్నాయి, ఒక్కో దాంట్లో 6 శాతం అనుకుందాం. ఒక్కో లోబ్‌కి 2 చొప్పున స్కోరు 10 వస్తుంది. నిజానికి చెడింది మొత్తం ఊపిరితిత్తుల్లో 6 శాతమే. ఇంకో రోగికి పై లోబ్‌లన్నీ శుభ్రంగా ఉండి, కింది రెండు లోబ్‌లలో 70 శాతం చొప్పున నిండిపోయింది. 4, 4 కలిపి స్కోరు 8. కింది లోబ్‌లు రెండూ కలిస్తే ఊపిరితిత్తుల్లో సుమారు సగం. అంటే ఇతనికి దాదాపు మూడో వంతు పోయింది. కాగితం మీద 10 వచ్చినాయన కంటే 8 వచ్చినాయన నయం. మంచం దగ్గర పరిస్థితి సరిగ్గా తలకిందులు. కుడివైపు మధ్య లోబ్ అన్నిటికంటే చిన్నది, అయినా దానికీ అయిదు మార్కులే. 5, 25 శాతం గీతల దగ్గర ఇద్దరు రేడియాలజిస్టులు ఒకే స్కాన్‌కి వేరు వేరు మార్కులు వేయడం మామూలే. అందుకని 9కీ 11కీ తేడా పట్టుకుని మందులు మార్చడం సరైన పని కాదు.

అదే రిపోర్టులో 'కో-రాడ్స్ 5' అని ఇంకో అంకె ఉంటే గందరగోళం రెట్టింపు. కో-రాడ్స్ 2020లో నెదర్లాండ్స్ రేడియాలజిస్టులు తయారుచేసిన వర్గీకరణ. స్కాన్‌లో కనిపించేది కోవిడ్ అయ్యే అవకాశం ఎంత అని మాత్రమే అది చెబుతుంది. జబ్బు తీవ్రతతో దానికి సంబంధం లేదు. కో-రాడ్స్ 5, స్కోరు 4 ఉన్న మనిషి హాయిగా ఇంట్లోనే కోలుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి, రోజుల లెక్కకు వద్దాం. చైనాలో 121 మంది కోవిడ్ రోగుల స్కాన్లు పరిశీలిస్తే, లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు స్కాన్ తీయించుకున్న 36 మందిలో 20 మందికి ఊపిరితిత్తులు మామూలుగానే ఉన్నాయి. తర్వాతి రోజుల్లో తీసినవాటిలో అలాంటివి చాలా అరుదు. ప్రాణాపాయం లేకుండా బయటపడ్డవాళ్లను వరసగా స్కాన్ చేస్తూ పోయిన మరో అధ్యయనంలో మచ్చలు పతాక స్థాయికి చేరింది సుమారు పదో రోజున. అందువల్ల నాలుగో రోజున 8 అంటే ఇంకా ఎక్కే మెట్లున్నాయి. పద్నాలుగో రోజున 8 అంటే చాలావరకు దిగుతున్న దారి. రెండో రోజున సున్నా వచ్చిందని ఆక్సీమీటర్ పక్కన పడేస్తే మోసపోతాం. ఇన్‌ఫ్లుయెంజాలోనూ ఇదే. 2009 నాటి హెచ్1ఎన్1 రోగుల ఎక్స్‌రేలు చూసిన ఇజ్రాయెల్ వైద్యులు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులను విడదీసి చూసే జోన్లలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ వాటిలో మచ్చలున్నవాళ్లకు ముప్పు ఎక్కువని చెబుతూనే, మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవద్దని హెచ్చరించారు.

స్కాన్ తీసే తీరులోనే తప్పు దొర్లే చోట్లు కొన్ని ఉన్నాయి. రోగి నిండుగా గాలి పీల్చి కొన్ని సెకన్లు బిగపట్టాలి. ఆయాసంతో ఉన్న మనిషికి అది చాతకాదు. గాలి వదిలిన స్థితిలో స్కాన్ పడితే ఆరోగ్యంగా ఉన్న భాగం కూడా చిక్కబడి గ్రౌండ్ గ్లాస్‌లా కనిపిస్తుంది, స్కోరు ఊరికే పెరుగుతుంది. శ్వాసనాళం వెనక గోడ ముందుకు వంగి ఉందేమో చూస్తే రేడియాలజిస్టుకి ఆ సంగతి దొరికిపోతుంది. వెల్లకిలా చాలాసేపు పడుకున్నవాళ్లకు వీపువైపు భాగం ముడుచుకుని తెల్లగా కనిపించవచ్చు. అనుమానం ఉంటే బోర్లా తిప్పి ఆ కొంత భాగమే మళ్లీ తీస్తారు. ముడుచుకోవడం వల్ల వచ్చిన తెలుపైతే మాయమవుతుంది, జబ్బు వల్ల వచ్చిందైతే అక్కడే ఉంటుంది. గుండె బలహీనమై ఊపిరితిత్తుల్లో నీరు చేరినా గ్రౌండ్ గ్లాస్ వస్తుంది. అయితే అప్పుడు గుండె పెద్దదిగా ఉండటం, రెండువైపులా ప్లూరాలో (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో) నీరు కనిపించడం లాంటి గుర్తులు తోడుంటాయి.

కంటి అంచనా బదులు, గాలి ఆడుతున్న భాగం ఎంత మిగిలిందో కొలవడం ఇంకో పద్ధతి. ఇటలీలోని పియాచెంజాలో 236 మంది మీద చేసిన అధ్యయనంలో, చేరినప్పటి స్కాన్‌లో ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి 73 శాతం కంటే తక్కువ మిగిలినవాళ్లు ఐసీయూకి వెళ్లడం, చనిపోవడం ఎక్కువగా జరిగింది. నాకు ఈ కొలతే ఎక్కువ నచ్చుతుంది. లోబ్ చిన్నదా పెద్దదా అన్న పేచీ ఇందులో ఉండదు, ఎంత పోయిందని కాక ఊపిరి తీసుకోవడానికి ఎంత మిగిలిందని అడుగుతుంది.

మరి స్కాన్ జోస్యం ఎంతవరకు నిజమవుతుంది? ఫ్రాన్స్‌లో 10,735 మంది స్కాన్లతో జరిగిన స్టోయిక్ అధ్యయనంలో, నెల లోపు వెంటిలేటర్ లేదా మరణం అన్న ఫలితాన్ని ఊహించడానికి బాగా పనికొచ్చింది ఊపిరితిత్తుల్లో జబ్బు పరచుకున్న మేరే. అయినా వాళ్లు కట్టిన మోడల్ సామర్థ్యం 0.69 దగ్గర ఆగింది. విషమించిన రోగినొకరినీ విషమించని రోగినొకరినీ జంటగా దాని ముందు పెడితే, నూటికి 69 సార్లు ముప్పు ఎవరికి ఎక్కువో సరిగ్గా చెబుతుందన్నమాట. బొమ్మా బొరుసా వేసినా 50 సార్లు సరిపోతుంది. పనికిరానిది కాదు, కానీ దాని ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకునేంత గట్టిదీ కాదు.

స్కాన్ ఊసే లేకుండా ఇంతకంటే బాగా చెప్పే పట్టిక ఒకటుంది. బ్రిటన్‌లో కోవిడ్ రోగుల వివరాలతో 2020లో తయారైన 4సి స్కోరు 21కి ఉంటుంది. వయసు, పురుషుడా స్త్రీయా, పాత జబ్బులు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, ఆక్సిజన్, స్పృహ, రక్తంలో యూరియా, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), అంతే. వయసు 80 దాటితే ఏడు మార్కులు, మొత్తంలో మూడో వంతు. గది గాలి మీద, అంటే బయటి నుంచి ఆక్సిజన్ పెట్టకుండా, ఆక్సిజన్ 92 కంటే తక్కువైతే రెండు. 15, ఆపైన వస్తే ముప్పు చాలా ఎక్కువ. దీన్ని మన దగ్గర వాడేటప్పుడు యూనిట్లతో జాగ్రత్త. ఆ పట్టికలో యూరియా గీతలు లీటరుకి 7, 14 మిల్లీమోల్స్. మన ల్యాబులు డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కాబట్టి అవి 42, 84 అవుతాయి. సీఆర్‌పీని కొన్ని ల్యాబులు లీటరుకి, కొన్ని డెసిలీటరుకి రాస్తాయి. యూనిట్ చూడకపోతే పదింతల తేడా వచ్చేస్తుంది.

స్కాన్‌ని కంప్యూటర్‌కిచ్చి చదివిస్తే అన్ని చిక్కులూ తీరతాయని 2020లో వేల పరిశోధనా పత్రాలు వచ్చాయి. మరుసటి ఏడాది ఒక బృందం వాటిలో 62 మోడళ్లను లోతుగా పరీక్షించి, రోగి దగ్గర వాడదగ్గది ఒక్కటీ లేదని తేల్చింది. కారణాలు తెలుసుకోదగ్గవి. కోవిడ్ బొమ్మలు పెద్దవాళ్లవీ, మామూలు న్యుమోనియా బొమ్మలు అయిదేళ్లలోపు పిల్లలవీ కలిపి నేర్పితే యంత్రం పట్టుకునేది పిల్లల పక్కటెముకలనే, జబ్బును కాదు. ఎక్స్‌రే మూలన ఉండే కుడి ఎడమ గుర్తును బట్టి అది ఏ ఆసుపత్రిదో కనిపెట్టి జవాబు చెప్పిన మోడళ్లూ ఉన్నాయి. ఇంకో ఇబ్బంది, 'ఐసీయూలో చేరారు' అన్నదాన్ని ఫలితంగా తీసుకోవడం. బెడ్లు నిండిపోయిన వారంలో ఎంత విషమంగా ఉన్నవాళ్లయినా వార్డులోనే ఉండిపోతారు. యంత్రం వాళ్లను బాగున్నవాళ్ల కింద జమ చేసుకుంటుంది.

వార్డులో ఇదంతా ఎలా వాడాలి? లక్షణాలు స్వల్పంగా ఉండి, ముప్పు పెంచే జబ్బులేవీ లేనివాళ్లకు స్కాన్ అక్కర్లేదని ఛాతీ స్కాన్ల నిపుణుల అంతర్జాతీయ సంఘం ఫ్లైష్నర్ సొసైటీ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆయాసం పెరిగినప్పుడు, ఆక్సిజన్ పడిపోతున్నప్పుడు తీసిన స్కాన్‌కే విలువ. రిక్వెస్ట్ ఫారం మీద "లక్షణాల 9వ రోజు, గది గాలిలో 90 శాతం, నిమిషానికి 28 శ్వాసలు" అని ఒక్క ముక్క రాస్తే రేడియాలజిస్టు చదివే తీరే మారిపోతుంది. తగ్గిపోయాక మచ్చలు పోయాయో లేదో అని వారానికోసారి తీయించడం వృథా. మనిషి లేచి తిరుగుతున్నా మచ్చలు వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతాయి. ఒంటికి తగిలే రేడియేషన్ మామూలు ఛాతీ సీటీలో సుమారు 5 నుంచి 7 మిల్లీసీవర్టులు. లో-డోస్ పద్ధతిలో ఒకటి, ఒకటిన్నరకు దిగుతుంది, ఈ జబ్బు మచ్చలు చూడటానికి అది చాలు.

అంకెలు పొంతన కుదరని రోగిని మాత్రం వదిలిపెట్టకూడదు. స్కోరు 6, ఆక్సిజన్ 84, గుండె వేగం 130. అంత తక్కువ మచ్చలతో ఆక్సిజన్ అంతగా ఎందుకు పడిందన్న ప్రశ్నకు మామూలు సీటీలో జవాబు దొరకదు. ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, రంగుమందు ఎక్కించకుండా తీసిన స్కాన్‌లో అది సాధారణంగా కనిపించదు. కిడ్నీల పనితీరు చూసుకుని, రంగుమందుతో సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ తీయాలి, అదీ ఆ పూటే.