పాడ్ రీస్టార్ట్ అయితే సమస్య తీరినట్టేనా? కుబర్నెటీస్ అపోహలు, వాస్తవాలు

"కుబర్నెటీస్‌లో పెట్టేశాం కదా, పడిపోయినా అదే లేపుకుంటుంది." ఈ మాట వినని వారం ఉండదు నాకు. కుబర్నెటీస్ అంటే కంటైనర్లలో (యాప్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన మూటల్లో) పెట్టిన యాప్‌లని సర్వర్ల మీద నడిపే సాఫ్ట్‌వేర్, అందులో కంటైనర్లు నడిచే చిన్న యూనిట్ పేరే పాడ్. లేపుతుంది, కాదనను. కానీ ఎవర్ని ఎప్పుడు చంపి లేపాలో చెప్పేది మనం రాసిన యామల్ అనే సెట్టింగుల ఫైలే. అక్కడ తేడా చేస్తే బాగున్న పాడ్‌ని కూడా చంపి మరీ లేపుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది లైవ్‌నెస్ ప్రోబ్‌లో, అంటే కంటైనర్ బతికే ఉందా అని మాటిమాటికీ చేసే పరీక్షలో, డేటాబేస్ చెక్ పెట్టడం. ఓ పేమెంట్ల యాప్ టీమ్ కుర్రాడు రాత్రి పూట ఫోన్ చేశాడు. "అన్నా, అన్నీ క్రాష్‌లూప్‌బ్యాకాఫ్. కోడ్ ఎవరూ ముట్టుకోలేదన్నా." గొంతులో వణుకు. క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ అంటే పాడ్ పడిపోతూ, లేస్తూ, మళ్లీ పడిపోతోందని. డిస్క్రైబ్ కమాండ్ కొట్టి, పాడ్‌కి ఏం జరిగిందో చెప్పే ఈవెంట్లు చదవమన్నాను. వరసగా లైవ్‌నెస్ ఫెయిల్యూర్లే. హెల్త్ చెక్ యూఆర్ఎల్ ఒకటే రాసి లైవ్‌నెస్‌కీ రెడీనెస్‌కీ (ట్రాఫిక్ తీసుకోడానికి సిద్ధమా అనే పరీక్షకీ) ఇచ్చేశారు. అది పిలిచినప్పుడల్లా డేటాబేస్‌లో క్వెరీ వేసొస్తుంది.

ఆ రాత్రి డేటాబేస్ కాస్త నెమ్మదించింది, అంతే. మనం ఏమీ రాయకపోతే టైమౌట్ 1 సెకను. 10 సెకన్లకోసారి అడిగి, వరసగా 3 సార్లు జవాబు రాకపోతే క్యూబ్‌లెట్ (ప్రతి సర్వర్ మీదా ఉండే కుబర్నెటీస్ ఏజెంట్) కంటైనర్‌ని చంపేస్తుంది. పాడ్లన్నీ అదే డేటాబేస్‌ని నమ్ముకున్నవి, ఒకేసారి పోయాయి. లేచినవన్నీ ఒక్కసారిగా కొత్త కనెక్షన్లు తెరిచాయి. ఉన్న కాస్త ఊపిరీ పోయింది డేటాబేస్‌కి. పైగా రీస్టార్ట్‌ల మధ్య విరామం 10, 20, 40 సెకన్లంటూ రెట్టింపవుతూ 5 నిమిషాల దాకా పోతుంది. కాబట్టి డేటాబేస్ తేరుకున్నాక కూడా యాప్ వెంటనే రాలేదు.

లైవ్‌నెస్ అడగాల్సింది ఒక్కటే: ఈ ప్రాసెస్ బిగుసుకుపోయిందా? రెడీనెస్ ఫెయిలైతే పాడ్ చావదు, పాడ్లకి ట్రాఫిక్ పంచే సర్వీస్ దానికి ట్రాఫిక్ ఆపుతుంది. (పాడ్లన్నీ పంచుకునే డేటాబేస్‌ని అక్కడ పెట్టాలన్నా ఆలోచించండి, అన్నీ కలిసి తప్పుకుంటే మిగిలేదెవరు?) నిదానంగా లేచే జావా యాప్‌లకు, లేవడం పూర్తయ్యేదాకా మిగతా ప్రోబ్‌లని ఆపి ఉంచే స్టార్టప్ ప్రోబ్ ఉండనే ఉంది.

ఇంకోటి, "కుబర్నెటీస్‌లోంచి డాకర్ (కంటైనర్లు తయారుచేసి నడిపే టూల్) తీసేశారట." కుబర్నెటీస్ 1.24 వెర్షన్‌లో, అంటే 2022లో, పోయింది డాకర్‌షిమ్, డాకర్‌తో మాట్లాడటానికి కుబర్నెటీస్‌లో పెట్టిన అతుకు కోడ్. డాకర్‌తో బిల్డ్ చేసిన ఇమేజ్ ఓసీఐ అనే ఉమ్మడి కంటైనర్ ప్రమాణానిదే, కంటైనర్లు నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్ కంటైనర్‌డీ మీద హాయిగా నడుస్తుంది. అమీర్‌పేటలో డాకర్ కోర్సుకి కట్టిన ఫీజు ఎక్కడికీ పోలేదు తమ్ముళ్లూ. పుకార్లు పుట్టించేవాళ్లు ఒక్కసారి రిలీజ్ నోట్స్ చదివితే బాగుండు.

చివరిది, పాస్‌వర్డ్‌ల్లాంటివి పెట్టుకునే సీక్రెట్ అంటే ఎన్‌క్రిప్ట్ అయిపోయిందని అనుకోవడం. అది బేస్64, రాసే పద్ధతి మార్చడమే కానీ తాళం కాదు, ఒక్క కమాండ్‌తో విప్పేయొచ్చు. ఆ యామల్‌ని కోడ్ దాచే గిట్‌లోకి తోసినవాళ్లు ముందు పాస్‌వర్డ్ మార్చండి, వాదన తర్వాత పెట్టుకుందాం.