గర్భిణుల స్కానింగ్: రికార్డులకు చట్టం ఉంది, నాణ్యత మాటేమిటి?

ప్రైవేటు స్కానింగ్ కేంద్రానికి తనిఖీ బృందం వస్తే చూసేవి అందరికీ తెలిసినవే: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, యంత్రం వివరాలు, ప్రతి గర్భిణి స్కానింగ్‌కూ నింపే ఫారం ఎఫ్ కట్టలు, లింగ నిర్ధారణ నేరమని చెప్పే బోర్డు. శిశువు గుండెలో నాలుగు గదులూ కనిపించేలా చూశారా, వెన్నెముకను ఆసాంతం పరిశీలించారా, ఒక్కో గర్భిణికి ఎంత సమయం ఇస్తున్నారు అన్న ప్రశ్నలు లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం చెప్పే తనిఖీలో లేవు. ఇది అధికారుల అలసత్వం కాదు. చట్టం పుట్టిన సందర్భమే అలాంటిది.

గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్‌తో కడుపులోని గడ్డలను చూసిన తీరును 1958లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించింది. గర్భిణుల స్కానింగ్‌కు అదే పునాది. మన దేశంలో గొడవ మొదలైంది మాత్రం స్కానింగ్‌తో కాదు, ఉమ్మనీటి పరీక్షతో. 1970ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జన్యులోపాలను పట్టుకోవడానికి తెచ్చిన ఆ పరీక్ష ఆడపిల్లను వదిలించుకునే సాధనంగా మారింది. 1978లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని నిషేధిస్తే వ్యాపారం ప్రైవేటుకు మళ్లింది. రేపటి కట్నం కంటే ఇవాళ్టి పరీక్ష చవక అని బహిరంగంగా ప్రకటనలు ఇచ్చుకున్న రోజులవి. 1988లో మహారాష్ట్ర చట్టం చేసింది. కేంద్రం చట్టం 1994లో వచ్చి, 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అమలు కాగితాలకే పరిమితం కావడంతో సెహత్, మాసుమ్ అనే స్వచ్ఛంద సంస్థలు, ఉద్యమకారుడు సాబు జార్జ్ 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. యంత్రాలను ఎవరెవరికి అమ్మారో చెప్పాలని కోర్టు కంపెనీలను ఆదేశించింది. 2003 సవరణతో చట్టం ఇప్పటి పీసీపీఎన్‌డీటీ రూపం తీసుకుంది. అప్పటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975 నుంచి 2001లో 961కి పడిపోయారు. 2000ల దశాబ్దం మధ్యలో హైదరాబాద్ జిల్లా కలెక్టర్ అర్వింద్ కుమార్ స్కానింగ్ కేంద్రాల ఫారం ఎఫ్‌లను తెప్పించి లెక్కలు తీయించారు. ఆ కాగితాలకు ఎంత బలముందో దేశానికి తెలిసింది అప్పుడే.

ఫారం ఎఫ్‌ను దగ్గరగా చూస్తే చట్టం మనసు తెలుస్తుంది. గర్భిణికి ఇప్పటికే ఉన్న పిల్లలెందరు, వారిలో ఆడ ఎవరు, మగ ఎవరు, స్కానింగ్‌కు పంపిన డాక్టరు ఎవరు, 23 కారణాల్లో ఏ కారణంతో పంపారు అన్నీ రాయాలి. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలనుకోవడం లేదని తల్లి, చెప్పలేదని డాక్టరు సంతకం చేయాలి. ప్రతి నెలా 5వ తేదీలోగా అధికారులకు నివేదిక పంపాలి. ఈ రికార్డుల లోపాలను నేరంగా చూడవద్దని గైనకాలజిస్టుల సమాఖ్య కోరితే 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నా దృష్టిలో అది సరైన తీర్పు. ఈ కట్టుదిట్టంలో ఒక్క అక్షరం కూడా సడలించకూడదు. అయితే ఆ ఫారంలో స్కానింగ్ ఎంత బాగా చేశారో తేల్చే గడి ఒక్కటీ లేదు.

భద్రత విషయానికి వస్తే, స్క్రీన్ అంచున చిన్న అక్షరాలతో టీఐ, ఎంఐ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది కణజాలం ఎంత వేడెక్కే అవకాశముందో, రెండోది తరంగాల పీడనం ప్రభావాన్ని సూచిస్తుంది. 1990ల తొలినాళ్లలో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ గర్భస్థ శిశువు స్కానింగ్‌కు శక్తి పరిమితిని చదరపు సెంటీమీటరుకు 94 మిల్లీవాట్ల నుంచి 720కి పెంచుతూ, ఈ అంకెలు కనిపించాలన్న షరతు పెట్టింది. అంటే బాధ్యత యంత్రం నుంచి దాన్ని పట్టుకున్న చేతికి మారింది. సాధారణ స్కానింగ్‌తో హాని జరిగినట్టు రుజువు లేదు, గర్భిణులు భయపడనక్కర్లేదు. కానీ రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పెట్టగానే టీఐ పెరుగుతుంది కాబట్టి, తొలి మూడు నెలల్లో అవసరం లేకుండా దాన్ని వాడవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎక్స్‌రే గదికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు కనుక ఆ మండలి పరిధిలోకి రాదు.

శిక్షణపై 2014లో నిబంధనలు వచ్చాయి. ఎంబీబీఎస్ డాక్టర్లకు ఆరు నెలల శిక్షణ, ఆపై పరీక్ష. 2016లో ఢిల్లీ హైకోర్టు వీటిని కొట్టేస్తే, 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఆసుపత్రుల నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు స్వచ్ఛందం. కావాలనుకున్న కేంద్రమే తీసుకుంటుంది.

ఈ ఖాళీకి మూల్యం చెల్లించేది, శిశువు అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్‌కు వచ్చే తల్లి. సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య చేసే ఆ స్కాన్‌లో కనిపించాల్సిన లోపం 28వ వారంలో బయటపడితే, 2021 గర్భస్రావ చట్ట సవరణ ప్రకారం గర్భస్రావం అనుమతికి ఆ కుటుంబం మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. ఫారం ఎఫ్ కట్టలు విప్పే అధికారులు ఓ పది టిఫా రిపోర్టులు, వాటితోపాటు దాచిన చిత్రాలు తీసి, ఒక నిపుణుడి చేత చూపించాలి. అందుకు కావాల్సిన గది, రికార్డు, తనిఖీ వ్యవస్థ మూడూ ఇప్పటికే ఉన్నాయి.